ఐసులో పెట్టిన సీసా

నా కొడుక్కు పిల్లలు కాలేదు. లోపం నా కొడుకులోనే ఉంది. ఈ రెండు మాటలు కాగితం మీద పెట్టడానికి నాకు ఎక్కువ సేపు పట్టలేదు గానీ, నోటితో అనడానికి మా ఇంట్లో ఏళ్ళు పట్టింది. ఇప్పుడు చెడ్డ రోజులు దాటిపోయాయి. దాటిపోయాయంటే అంతా బాగైందని కాదు. పోగొట్టుకోవడానికి ఇంకేమీ మిగల్లేదని. ఇట్లాంటి బాధ ఇంట్లో పెట్టుకుని ఎవరికీ చెప్పుకోలేనివాళ్ళు ఉంటారు. వాళ్ళ కోసం రాస్తున్నాను. పేర్లు మాత్రం మార్చాను.

నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. పలక మీద చెయ్యి పట్టి దిద్దించింది నా కోడలు స్వరూప. అందుకని నా రాతలో వంపులు తక్కువ, మాటలోనూ తక్కువే. మొహం మీద అనేస్తానని ఊళ్ళో నాకు పేరు. ఆ పేరు మీద ఇన్నేళ్ళూ బతికాను.

మొదటి ఏళ్ళు

మాది కొడకండ్ల దగ్గర ఊరు. కొంత పత్తి, కొంత వరి, కొట్టంలో బర్రెలు. సంపత్ నా ఒక్కగానొక్క కొడుకు. ఇంటర్ దాకా చదివి, పశువులకు ఎదసూదులు వేసే పనిలో కుదిరాడు. ఎవరి బర్రె ఎదకొచ్చినా వాడికి ఫోన్ వస్తుంది. బండి వెనక ఒక డబ్బా కట్టుకుని పోతాడు. దాని మూత తీస్తే తెల్లటి పొగ లేస్తుంది. లోపల వేలు పెడితే కాలిపోయేంత చలి. మంచి జాతి దున్నపోతుల బీజం సన్నటి గొట్టాల్లో ఆ చలిలో ఏళ్ళకేళ్ళు చెడకుండా ఉంటుంది. గొట్టం బయటికి తీసి కాసేపు గోరువెచ్చని నీళ్ళలో ఉంచితే మళ్ళీ ప్రాణం లేస్తుంది. అప్పుడు బర్రెకు ఎక్కిస్తాడు. వీడి చేతి సూది నిలుస్తుందని చుట్టుపక్కల ఊళ్ళలో మంచి పేరు. సూదుల సంపత్ అంటారు.

స్వరూప దంతాలపల్లి వైపు పిల్ల. పెళ్ళిలో వాళ్ళ నాయిన ఆమెకు ఒక బర్రె పడ్డను అరణం ఇచ్చాడు. అరణం అంటే పుట్టింటివాళ్ళు ఆడపిల్ల వెంట పంపే పశువు. అది ఆమెది, ఆమె కడుపున పుట్టినవాళ్ళది. అత్తింటివాళ్ళకు దాని మీద హక్కు లేదు. ఆ పడ్డ మా కొట్టంలో ఎదిగి, ఈని, పాలిచ్చింది. దానికి సూది వేసింది సంపతే. బర్రె మాత్రం రెండుసార్లు ఈనింది. స్వరూప నీళ్ళోసుకోలేదు.

నా భార్య లచ్చమ్మ కోడల్ని తీసుకుని తిరగని దవాఖాన లేదు, మొక్కని దేవుడు లేడు. ఎక్కడ చూసినా పిల్లలో ఏ లోపమూ లేదన్నారు. ఊళ్ళో వాళ్ళకు దవాఖాన మాటతో పనిలేదు. ఒకరోజు హోటల్ దగ్గర చాయ్ తాగుతుంటే మా వాడకట్టు రాములు అన్నాడు:

"ఏం సంపతూ, ఊళ్ళె దూడలన్ని నీ చలవే గదరా. మరి మీ ఇంట్ల లేగ ఎప్పుడు దుంకుతది?"

సంపత్ గ్లాసు కింద పెట్టి బండెక్కి పోయాడు. నేను ఊరుకోలేదు.

"నీకు నలుగురు కొడుకులు గదా రాములు. మొన్న కాలిరిగి పంటే ఒక్కడన్న దవాఖానకు తోల్కపోయిండా? మా వాడే గద బండి మీద తోల్కపోయింది."

హోటల్లో అందరూ నవ్వారు. నవ్వితే ఏమైంది? సంపత్ ఆ హోటల్‌కు పోవడం మానేశాడు.

ఒకనాడు పొద్దుటిపూట నాకు 'క్ష' దిద్దిస్తూ స్వరూప అంది:

"మామా, ఆయనను జర జనగామకు తోల్కపో. నేను చెప్తె అటు మొగం పెట్టుకొని పంటడు. నువ్వు చెప్తె లేస్తడు."

"వానికేమయిందే? రాయి లెక్క ఉన్నడు."

ఆమె తల వంచుకుని పలక తుడవడం మొదలుపెట్టింది. శుభ్రంగా ఉన్న పలకను మళ్ళీ మళ్ళీ తుడిచింది. నాకు అర్థమైంది. నా కొడుకుతో నేను ఎద్దు గురించి మాట్లాడగలను, దున్న గురించి మాట్లాడగలను. వాడి గురించి వాడితో ఎట్లా మాట్లాడాలో నాకు తెలియలేదు. ఏ తండ్రికి తెలుసు? చివరికి కొట్టంలో పేడ తీస్తూ అడిగాను.

"పరీక్ష చెయ్యనిదే ఏ దున్న బీజమన్న తీస్తరారా?"

"తియ్యరు బాపు. అన్ని చూసినంకనే."

"మరి నీదెప్పుడు చూపెడుతవు?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత నవ్వాడు. "నన్ను దున్నపోతును చేస్తివి గద బాపు."

"దున్నపోతుకున్న ధైర్యం నీకు లేకపాయె."

మరుసటి సోమవారం ఇద్దరం జనగామ పోయాం.

ఆ మే నెల

జనగామలో మేం పోయిన పరీక్షల దుకాణం చిన్నది. ఒక్క ఫ్యాను కింద పది కుర్చీలు. జ్వరమొచ్చినవాళ్ళు, షుగరు చూపించుకునేవాళ్ళు, నిండు చూలాళ్ళు, అందరూ అక్కడే. కౌంటర్ దగ్గరి మనిషి సంపత్ చేతికి చిన్న సీసా ఇచ్చి, కుర్చీల పక్కనే ఉన్న మరుగుదొడ్డి చూపించాడు. దానికి లోపల గొళ్ళెం లేదు. తలుపుకు, కూర్చున్నవాళ్ళ మోకాళ్ళకు మధ్య జానెడు సందు. లోపలికి పోయిన నా కొడుకు బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. అందరి కళ్ళూ తలుపు మీదే. నేను గోడ మీద క్యాలెండర్‌ను కూడబలుక్కుని చదివాను. రోజుకు ఒక గడి చొప్పున నెలంతా చదివేశాను.

సంపత్ బయటికొచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. సీసా ఖాళీగా ఉంది.

ఒక నడివయసు మనిషి లేచి వాడికి కుర్చీ ఇచ్చాడు. "కూసో తమ్మీ. పోయినేడు నాకు గిట్లనే అయింది," అన్నాడు. ఏమైందని సంపత్ అడగలేదు, ఆయన చెప్పలేదు. తన సంచిలోంచి నీళ్ళ సీసా తీసి వాడి చేతిలో పెట్టాడు. ఆయన ఎవరో ఇప్పటికీ తెలియదు. ఇన్నేళ్ళ తిరుగుడులో మొట్టమొదట నా కొడుకును మనిషిలాగా చూసింది ఆయనే.

కౌంటర్ మనిషి అన్నాడు: "అయితలేదా? పోనీ, ఇంటికాడి నుంచి తీస్కరా. జల్ది తేవాలె, లేటయితె పనికిరాదు."

జల్దీ తేవాలన్నాడు. ఎట్లా తేవాలో చెప్పలేదు. అడగడానికి మా ఇద్దరికీ నోరు రాలేదు. ఆ గదిలోంచి బయటపడితే చాలనుకున్నాం.

మరునాడు సంపత్ ఒక్కడే పోయాడు. నేను కొట్టంలో ఉన్నాను. వాడు స్టీలు టిఫిన్ డబ్బాను తువ్వాలలో చుట్టి, కడుపుకు ఆనించి కట్టుకుని బండి తీశాడు. పొద్దు పొడిచి ఎంతోసేపు కాలేదు గానీ అప్పటికే రోడ్డు కాలుతోంది. స్వరూప తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చింది. బండి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. ఆమె మొహంలో అంత సంబురం నేను పెళ్ళినాడు కూడా చూడలేదు. "సద్ది కట్టిచ్చినవా బిడ్డా?" అంటే, "అవ్ మామా," అని ఇంట్లోకి ఉరికింది.

రెండో నాటి సాయంత్రం సంపత్ ఫలితం తీసుకుని వచ్చాడు. ఇంట్లోకి పోకుండా సీదా కొట్టంలోకి వచ్చాడు.

"అన్ని సచ్చినయట బాపు."

"ఏంది సచ్చింది?"

"నాయి. ఒక్కటి గూడ కదుల్తలేదట."

ఊరందరి నోళ్ళూ మూయించేవాణ్ణి, నా కొడుకు ముందర ఒక్క మాట దొరకలేదు. వాడు కొబ్బరిపీచు తీసుకుని స్వరూప అరణపు బర్రెను కడగడం మొదలుపెట్టాడు. పొద్దున్నే కడిగిన బర్రెను మళ్ళీ కడిగాడు. కడుగుతూ ఉంటే వాడి భుజాలు కదులుతున్నాయి.

కొన్నాళ్ళు ఆగి ఇంకోసారి పరీక్ష చేయించమని జనగామలో ఆ కాగితం చూసిన డాక్టరమ్మ చెప్పిందట. ఆ మాట నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. చచ్చినవి అన్న మాట చెవిన పడ్డాక సంపత్‌కు ఇంకే మాటా వినబడలేదు.

ఆ ఏడే, పత్తి పూత మీద ఉన్నప్పుడు

అప్పటినుంచి వాడు కొట్టంలోనే మంచం వేసుకున్నాడు. స్వరూప అన్నం తెచ్చి పెడితే తినేవాడు. మాట్లాడితే జవాబు చెప్పేవాడు కాదు. లచ్చమ్మ అటు కొడుకును, ఇటు కోడల్ని చూసి బుగులుపడేది. "ఏమయ్యా, వీనికి ఎవలన్న చేతబడి చేసిండ్రేమో, చూపిద్దామా?" అని నా వెంట పడేది. స్వరూప మాత్రం, "ఇంకోపారి పోదాం, ఇంకో కాడ చూపెడుదాం," అని వాడి మంచం పట్టె మీద కూర్చుని బతిమాలేది. వాడు లేచి బండెక్కి పోయేవాడు.

వానలు పడ్డాయి. పత్తి పూతకొచ్చింది. ఒకరోజు స్వరూప అన్నలిద్దరూ దంతాలపల్లి నుంచి దిగారు. వాళ్ళను పిలిచింది నేను కాదు, స్వరూప కాదు. సంపత్ తానే ఫోన్ చేసి రమ్మన్నాడు. పెద్దమనుషులను కూడా వాడే కూర్చోబెట్టాడు.

ఇట్లాంటి పంచాయితీల్లో సాధారణంగా మొగుడి తరఫువాళ్ళు ఆడపిల్ల మీద నింద వేస్తారు. నా కొడుకు నిలబడి అన్నాడు:

"లోపం నాదే. ఆమెకు ఏం లేదు. పిల్లలు నాతోని కారు. తీస్కపోయి మంచి కాడ ఇయ్యుండ్రి."

అక్కడ కూర్చున్నవాళ్ళు నేల చూపులు చూశారు. ఒక మగవాడు నలుగురిలో ఆ మాట అనడం వాళ్ళెవరూ వినలేదు. హోటల్ దగ్గర ఎగతాళి చేసిన రాములు కూడా ఉన్నాడు. వాడూ తల ఎత్తలేదు.

ఒక పెద్దమనిషి స్వరూపను అడిగాడు. "నీ మాటేంది బిడ్డా?"

"నేను పోతనని ఎవలకన్న చెప్పిన్నా?" అంది ఆమె.

సంపత్ ఆమె వైపు చూడకుండా అన్నాడు. "ఉంటనంటె గూడ నేను ఉంచుకోను."

అందరిలో ఆ మాట అన్నాక ఏ ఆడమనిషి నిలుస్తుంది? ఆమె వాడిని చాలాసేపు చూసింది. వాడు తన చెప్పుల వంక చూశాడు. ఆ చూపు ఒక్కసారి పైకి లేచి ఉంటే ఆమె పోయేది కాదు. నాకు తెలుసు. వాడికీ తెలుసు, అందుకే లేపలేదు.

బీరువా, మంచం, గిన్నెలు అన్నీ బండికెక్కించాం. అరణపు బర్రె అప్పుడు నిండు చూలుతో ఉంది. బండిలో కుదుపులు పడవని, ఈనాక పంపిస్తామని పెద్దమనుషుల ముందర మాటిచ్చాం. పోయేముందు స్వరూప పలకను గూట్లో పెట్టి, "ఒత్తులు మర్వకు మామా," అంది. లచ్చమ్మ గడపలో కూలబడి ఏడ్చింది. నేను ఏడవలేదు. పత్తి చేనుకు పోయి అక్కడే పొద్దు గూకేదాకా కూర్చున్నాను.

కరోనా తగ్గినంక

కరోనా వచ్చింది. బర్రె మా దగ్గరే ఉండిపోయింది. అందరి ఇళ్ళలోనూ భయం ఉంది కనుక మా ఇంటి దుఃఖం ఎవరికీ ప్రత్యేకంగా కనబడలేదు. అదొక్కటే ఆ రోజుల్లో మాకు జరిగిన మేలు.

తర్వాత లచ్చమ్మ వాడికి మళ్ళీ సంబంధం చూడటం మొదలుపెట్టింది. మొగుడు వదిలేసిన ఒక పిల్ల ఉందన్నారు. సంపత్ ఒప్పుకోలేదు. "ఒక్కదాన్ని ఆగం చేసింది సాలదా అవ్వా?" అన్నాడు. అప్పటికే వాడికి ఇంకో బాధ ఉందని నేను కనిపెట్టాను. సాయంత్రానికి కింద బరువుగా, లాగినట్టుగా ఉంటుందట. బండి మీద ఒక పక్కకు ఒరిగి కూర్చునేవాడు. దాని కోసమైనా చూపించుకోమని, పోరి పోరి మానుకోట తీసుకుపోయాను. మహబూబాబాదును మేం మానుకోట అనే అంటాం.

అక్కడి దవాఖానలో మగవాళ్ళకు వేరే బెంచీ వేశారు. బెంచీ నిండా మగవాళ్ళే. ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ప్రతివాడూ తన ఫోన్‌లోకే చూస్తాడు. కొందరి ఫోన్‌లు ఆరిపోయే ఉన్నాయి. ఒకాయన వాళ్ళావిడ చేతిసంచిని ఒళ్ళో పసిపిల్లలాగా పట్టుకుని కూర్చున్నాడు. అంతమందిని చూశాక నాకు కొంచెం ఊపిరాడింది. ఈ బాధ మా ఒక్క ఇంటిది కాదన్నమాట.

పరీక్షల దగ్గర ఉన్న ఆమెకు నలభై ఏళ్ళుంటాయి. సంపత్‌ను తమ్ముడూ అని పిలిచింది. తలుపుకు లోపల గొళ్ళెం ఉన్న గది చూపించి, "నీకెంతసేపు పట్టినా నిన్ను ఎవలు పిలువరు," అంది. పరీక్షయ్యాక డాక్టర్ గదిలోకి ఆమే వెంట వచ్చింది. డాక్టర్ ముసలాయన. కాగితం చూసి తాపీగా చెప్పాడు. లెక్క తక్కువగా ఉంది. ఉన్నవాటిలో చాలావాటి రూపం సరిగా లేదు. తలలు వంకర, తోకలు పొట్టి. కింద నరాలు ఉబ్బాయి. ఆ వేడికి, బరువుకు ఇట్లా అవుతుంది. ఆపరేషన్ ఉంది, మందులున్నాయి. పిల్లలు అవుతారని రాసివ్వలేను, కారనీ అనలేను.

సంపత్ అన్నాడు: "అన్ని సచ్చినయన్నరు గద సార్?"

"ఎవరన్నారు?"

"జనగామల."

"చావడమేంది? తక్కువే గానీ కదులుతున్నాయి గదా."

అప్పుడు ఆ పరీక్షలామె అడిగింది. "అప్పుడు సీసా ఎట్ల తీస్కపోయినవ్ తమ్ముడూ?"

సంపత్ తల వంచుకున్నాడు. "ఐసుల పెట్టి."

"ఐసులనా?"

"ఎండాకాలం గదక్కా. మా పశువులయి గట్లనే ఉంటయి. సలిల ఉంటె చెడయి, అక్కడ గోరెచ్చటి నీళ్ళల్ల పెడితె లేస్తయనుకున్న."

ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. తిట్టలేదు. మెల్లగా చెప్పింది. పశువుల బీజంలో ముందే మందు కలిపి, ఒక పద్ధతిలో గడ్డకట్టిస్తారట. మనిషిది ఉత్తగా ఐసులో పెడితే ఆ చలికే పడిపోతుందట. ఒంటి వెచ్చదనంలోనే, జేబులోనో చంకలోనో పెట్టుకుని తేవాలట.

"ఐసుల పెట్టుమని ఎవలు చెప్పిండ్రు నీకు?" అంది.

"ఎవలు చెప్పలే. నేనే పెట్టిన," అన్నాడు సంపత్.

చదివేవాళ్ళు ఇక్కడ ఒక నిమిషం ఆగండి. ఇంటి నుంచి తీసుకుపోవాల్సి వస్తే ఎట్లా తేవాలో నోరు తెరిచి అడగండి. సిగ్గుపడితే మా ఇంటిలాగా అవుతుంది. ఒక్క కాగితంతో బతుకు తేల్చుకోకండి. ఇంకోసారి రమ్మంటే పోండి. అన్నిటికంటే ముందు, మొగవాణ్ణి చివర చూపించడం మానేయండి.

దవాఖాన మెట్లు దిగుతూ సంపత్ మధ్యలో కూర్చుండిపోయాడు. జనం పక్కనుంచి దిగిపోతున్నారు. నేనూ వాడి పక్కన కూర్చున్నాను. వాడి వీపు మీద చెయ్యి వేశాను. వాడు పసివాడిగా ఉన్నప్పుడు వేసిన చెయ్యి, మళ్ళీ అప్పుడే.

"లేరా," అన్నాను. "దంతాలపల్లి పోదాం. పోయి కాళ్ళు పట్టుకుందాం. ఉన్న సంగతి చెప్పుదాం."

వాడు లేచి బండి స్టార్ట్ చేశాడు.

స్వరూప వాళ్ళమ్మ వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. మమ్మల్ని చూసి లేచింది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

"ఏం పనుండి వచ్చిండ్రు అన్నా?"

"పిల్ల ఏది చెల్లే?"

ఆమె మిరపకాయల వంకే చూస్తూ చెప్పింది. "మాఘమాసంల ఇచ్చినమన్నా. మహదేవపూర్. ఆయనకు పెండ్లాం సచ్చిపోయింది, ఒక బిడ్డ ఉన్నది. నా బిడ్డ ఒద్దు ఒద్దన్నది. అన్నలు ఎన్నొద్దులు సాదుతరు?"

మాఘం దాటి అప్పటికి నెల కూడా నిండలేదు.

నేను ఏదో అనబోయాను. సంపత్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "బర్రె ముచ్చట అడుగుదామని వచ్చినం అత్తా," అన్నాడు. "ఈనింది. ఎటు తోలుమంటరు?"

అది బర్రె ముచ్చట కాదని ఆమెకూ తెలుసు. కళ్ళొత్తుకుని అంది: "ఇక్కడ చూసేటోళ్ళు లేరు కొడుకా. మీకు వీలైనప్పుడు దాని కాడికే పంపుండ్రి. అరణం గదా."

ఆపరేషన్ చేయించుకోమని వాడితో ఎంత పోరినా, "ఎవల కోసం బాపు?" అనేవాడు. నొప్పి ఓర్చుకోలేక చివరికి ఆ ఏడాది హనుమకొండలో చేయించుకున్నాడు. నొప్పి తగ్గింది. మళ్ళీ పరీక్షకు రమ్మన్నారు. పోలేదు.

మొన్నటి చలికాలం

బర్రెను పంపడానికి మాకు ఇన్నాళ్ళు పట్టింది. వీలు లేక కాదు. అది కొట్టంలో ఉన్నంతకాలం ఏదో ఉన్నట్టే ఉండేది. మొన్నటి చలికాలంలో అది మళ్ళీ ఈనింది. దూడ కొంచెం గట్టిపడ్డాక ట్రాలీ మాట్లాడాం. స్వరూప వాళ్ళమ్మకు ఫోన్ చేసి దారి కనుక్కుంది సంపతే. ట్రాలీలో గడ్డి పరిచి, దూడకు చలి తగలకుండా గోనెపట్టా కట్టింది వాడే. బండి కదిలేముందు నా దగ్గరికి వచ్చాడు.

"పోతె పో గని బాపు, ఐసు ముచ్చట ఎత్తకు."

"సిగ్గారా?"

వాడు గోనెపట్టా ముడి ఇంకోసారి బిగించాడు. సిగ్గే అనుకున్నాను.

భూపాలపల్లి దాటి, అడవి దాటి మహదేవపూర్ చేరేసరికి మధ్యాహ్నమైంది. స్వరూప మొగుడు ట్రాక్టరు నడుపుతాడు. మంచివాడు. పెద్దయ్యా అని పిలిచి కాళ్ళకు నీళ్ళిచ్చాడు. బర్రెను దింపి నీడలో కట్టేశాడు. నేనెవరో తెలిసి కూడా, "మీరు మాట్లాడుకోండ్రి, నేను పచ్చిగడ్డి తెస్త," అని కొడవలి పట్టుకుని పోయాడు.

స్వరూప బయటికొచ్చింది. నిండు నెలలకు దగ్గర పడ్డట్టుంది. నడుము మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా వచ్చి, "మామా," అంది. అన్నం పెట్టింది. నేను తింటుంటే గడపలో కూర్చుంది.

"అత్త మంచిగున్నదా? రాసుడు ఇడ్సిపెట్టినవా?"

"ఇడువలే. ఒత్తులు ఇంక తప్పుతనే ఉన్నయి."

కాసేపు నవ్వింది. తర్వాత బర్రె వైపు చూస్తూ అడిగింది.

"ఆయన మళ్ళ దవాఖానకు పోయిండా?"

లేదు అంటే అయిపోయేది. ఎవరి కోసమూ అబద్ధం ఆడని నోరు నాది. దాన్ని ఆ ఒక్కపూటకు మూసుకోవడం చేతకాలేదు.

"పోయిండు బిడ్డా. మానుకోటకు. తక్కువున్నయి, వంకరున్నయి, గని సావలేదట. జనగామల చూసిందే తప్పట. మా పిచ్చోడు సీసాను ఐసుల పెట్టుకపోయిండట. ఆ సలికి పడిపోయినయట."

ఆమె ఒళ్ళో ఉన్న రెండు చేతులూ వెల్లకిలా తిప్పి చూసుకుంది.

"ఐసు ఆయన పెట్టలే మామా," అంది. "నేను పెట్టిన."

నా చేతిలో ముద్ద అట్లాగే ఉంది.

"పక్కింటోళ్ళ ఫ్రిజ్‌ల నుంచి అడుక్కొచ్చిన. రోట్లె ఏసి దంచిన. గింత ఎండల పాడయితయి, నీ డబ్బల ఎట్ల బతుకుతయో గిట్ల గూడ గట్లనే బతుకుతయని నేనే అన్న. ఆయన వద్దనుకుంట, వద్దనుకుంట... నేనే డబ్బ నింపి కట్టిన."

గేటు దగ్గర తడిచేతులు తుడుచుకుంటూ నిలబడ్డ పిల్ల నా కళ్ళ ముందరికి వచ్చింది. మానుకోటలో 'నేనే పెట్టిన' అన్న నా కొడుకు గొంతు చెవుల్లో పడింది. ఐసు ముచ్చట ఎత్తకన్నాడు. అది సిగ్గు కాదు.

"దవాఖానల అడిగితె, నేనే పెట్టిన అన్నడు బిడ్డా," అన్నాను.

అప్పుడు ఏడ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, చప్పుడు రాకుండా, కడుపు పట్టుకుని ఏడ్చింది. నేను లేచి ఆమె తల మీద ఎంగిలి కాని చెయ్యి పెట్టి నిలబడ్డాను. పచ్చిగడ్డి మోపుతో ఆమె మొగుడు వచ్చే వేళకు మొహం కడుక్కుంది.

నేను బయలుదేరుతుంటే గేటు దాకా వచ్చింది.

"మామా, నీకు రాయ వస్తది గదా. గిది రాయి. పేర్లు మార్చి రాయి. ఇంకే ఆడిది గిట్ల ఐసు దంచకుంట రాయి."

"రాస్త బిడ్డా."

"ఆయనకు చెప్పు. నాకు ఎరుకయిందని చెప్పు. ఇంగ ఒక్కడే మొయ్యొద్దని చెప్పు."

రాత్రి భూపాలపల్లిలో ఆగి, ఊరు చేరేసరికి మరునాడు పొద్దెక్కింది. సంపత్ కొట్టంలో ఉన్నాడు. బర్రెను కట్టేసిన గుంజ దగ్గర నేల ఊడ్చి శుభ్రం చేసి ఉంది. ఆమె చెప్పమన్నది చెప్పాను. ఒక్క మాటా మిగల్చకుండా చెప్పాను. వాడు చీపురు పట్టుకుని నిలబడి విన్నాడు.

"ఏడ్సిందా?"

"ఏడ్సింది."

"కడుపుతోని ఉన్నదాన్ని ఏడిపిస్తరా బాపు?"

"నీకెట్ల ఎరుక, కడుపుతోని ఉన్నదని?"

"దారి అడుగుదామని వాళ్ళమ్మకు ఫోన్ చేసిన్నాడే చెప్పింది," అన్నాడు. "అందుకే ఎత్తకంటి."

వాడి గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు బాగుండేది. నేను గుంజకు ఆనుకుని నిలబడ్డాను. వాడు ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాడు. తల ఎత్తకుండా అడిగాడు.

"దూడ సలికి వణికిందా తొవ్వల?"

"లేదురా. వెచ్చగనే పోయింది."

ఇంతలో వాడి ఫోన్ మోగింది. పక్క ఊళ్ళో ఎవరిదో బర్రె ఎదకొచ్చిందట. ఆలస్యమైతే ఈ నెల పోయినట్టే. వాడు చీపురు గోడకు ఆనించి, చేతులు కడుక్కుని, డబ్బా మూత తీసి లోపలికి చూశాడు. తెల్లటి పొగ వాడి మొహం మీదికి లేచింది. మూత పెట్టి, బండికి కట్టుకుని, పోయాడు.